వైద్య విద్యలో వాతావరణ మార్పు, పర్యావరణ ఆరోగ్యం: విశాఖపట్నంలో తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖలో ఎంబీబీఎస్ చదువుతున్న విద్యార్థులు, వారి తల్లిదండ్రులు, వివిధ విభాగాల అధ్యాపకులు ఈ అంశంపై అడుగుతూ వచ్చిన ప్రశ్నలకు కమ్యూనిటీ మెడిసిన్ (సమాజ ఆరోగ్య విభాగం) బోధించే వారి వైపు నుంచి ఇస్తున్న సమాధానాలివి. కొన్ని ప్రశ్నలకు ఒక్క మాట సరిపోయింది. కొన్నింటికి కాస్త వివరంగా చెప్పవలసి వచ్చింది.

వాతావరణ మార్పు గురించి డాక్టరు ఎందుకు చదవాలి? అది శాస్త్రవేత్తల పని కాదా?

భూమి ఎంత వేగంగా వేడెక్కుతున్నదో లెక్కగట్టడం వాతావరణ శాస్త్రవేత్తల పనే. కానీ ఆ వేడికి స్పృహ తప్పిన భవన నిర్మాణ కూలీని ఆటోలో తెచ్చి క్యాజువాలిటీ ముందు దించినప్పుడు ఏం చేయాలో తెలిసి ఉండవలసింది డాక్టరుకే. 2015 వేసవిలో ఆంధ్రప్రదేశ్‌లో వడగాడ్పులకు 1300 మందికి పైగా మరణించారని ప్రభుత్వ లెక్కలే చెప్పాయి. వాయు కాలుష్యం వల్ల ఏటా దాదాపు 70 లక్షల మంది అకాల మరణం పాలవుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. గుండెపోటు, పక్షవాతం, ఉబ్బసం, తక్కువ బరువుతో పుట్టిన బిడ్డ, కిడ్నీ వైఫల్యం: ఇవన్నీ మన వార్డుల్లో రోజూ చూసే కేసులు. వాటి వెనుక గాలి, నీరు, వేడి ఉన్నాయని తెలియని డాక్టరు వైద్యం సగమే చేయగలడు.

ఇది ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళికలో ఇప్పటికే ఉంది కదా?

ఉంది. 2019లో వచ్చిన సామర్థ్య ఆధారిత పాఠ్యప్రణాళికలో కమ్యూనిటీ మెడిసిన్ కింద పర్యావరణ ఆరోగ్య సమస్యలకు ప్రత్యేక అధ్యాయమే కేటాయించారు. గాలి, నీరు, శబ్దం, రేడియేషన్ వల్ల కలిగే హాని, తాగునీటి ప్రమాణాలు, ఘన వ్యర్థాలు, కీటకాల నియంత్రణ అందులో వస్తాయి. అదే సంవత్సరం కేంద్ర ప్రభుత్వం వాతావరణ మార్పు, మానవ ఆరోగ్యంపై జాతీయ కార్యక్రమాన్ని కూడా ప్రారంభించింది.

సమస్య పాఠం లేకపోవడంలో లేదు, అది ఉన్న చోటులో ఉంది. విద్యార్థి క్లోరినేషన్ మోతాదు లెక్కను కమ్యూనిటీ మెడిసిన్ పరీక్ష కోసం కంఠస్థం చేస్తాడు. ఆ తర్వాత మెడిసిన్ వార్డులో విరేచనాలతో చేరిన రోగి దగ్గర నిలబడి, మీ వీధి కుళాయి నీళ్లలో మురుగు వాసన వస్తున్నదా అని అడగడు. ఎందుకంటే ఆ ప్రశ్న వార్డులో ఎవరూ అతణ్ని అడగలేదు. ప్రపంచమంతటా పరిస్థితి దాదాపు ఇలాగే ఉంది. అంతర్జాతీయ వైద్య విద్యార్థి సంఘాల సమాఖ్య 2019-20లో 112 దేశాల్లోని వైద్య కళాశాలలను పరిశీలించినప్పుడు, వాతావరణ మార్పును పాఠ్యాంశాల్లో చేర్చినవి సుమారు 15 శాతమేనని తేలింది.

అయితే కొత్త సబ్జెక్టు పెట్టాలంటారా? ఇప్పటికే సిలబస్ మోయలేనంత ఉంది.

వద్దు. కొత్త సబ్జెక్టు పెడితే దానికి కొత్త గైడు వస్తుంది, పరీక్ష అయిన మర్నాడే అది అటకెక్కుతుంది. ప్రతి విభాగం తాను ఇప్పటికే చెబుతున్న పాఠంలోనే దీన్ని చెప్పాలన్నది మా నిశ్చితాభిప్రాయం.

ఫిజియాలజీలో శరీర ఉష్ణోగ్రత నియంత్రణ చెప్పేటప్పుడు, చెమట పట్టడం కాదు, చెమట ఆరడమే శరీరాన్ని చల్లబరుస్తుందని చెప్పి, గాలిలో తేమ నిండిన మే నెల మధ్యాహ్నం విశాఖలో ఆ చెమట ఎందుకు ఆరదో అక్కడే వివరించవచ్చు. ఫార్మకాలజీలో మూత్రాన్ని పెంచే మందులు, మానసిక వ్యాధులకు ఇచ్చే కొన్ని మందులు, రక్తపోటు, గుండె జబ్బులకు ఇచ్చే బీటా బ్లాకర్లు వేడిని తట్టుకునే శక్తిని తగ్గిస్తాయనీ, ఒంట్లో నీరు తగ్గితే మానసిక వ్యాధికి వాడే లిథియం స్థాయి ప్రమాదకరంగా పెరుగుతుందనీ, ఫ్రిజ్ లేని ఇంట్లో ఇన్సులిన్ వేసవికి పాడవుతుందనీ చెప్పాలి. ఆ ఇంటివారికి తడి ఇసుకలో ఉంచిన మట్టి కుండ వాడే పద్ధతి నేర్పడం కూడా పాఠంలో భాగమే. ప్రసూతి విభాగంలో నెలలు నిండని కాన్పులకు, మృత శిశు జననాలకు వేడితో ఉన్న సంబంధాన్నీ, పిల్లల విభాగంలో సన్నని ధూళి కణాలకూ ఊపిరితిత్తుల ఎదుగుదలకూ ఉన్న సంబంధాన్నీ చర్చించవచ్చు. వీటిలో ఏ ఒక్కటీ అదనపు గంట కోరదు. పావుగంట చాలు. కానీ ఆ పావుగంట ఆ విభాగం అధ్యాపకుని నోటి నుంచే రావాలి. కమ్యూనిటీ మెడిసిన్ వారిని పిలిచి చెప్పిస్తే విద్యార్థి దాన్ని మళ్లీ పక్కన పెట్టేస్తాడు.

విశాఖలోనే దీనికి అంత ప్రాధాన్యం ఎందుకు?

ఒకవైపు కైలాసగిరి కొండలు, మరోవైపు యారాడ కొండలు ఉండటంతో నగరం నడిబొడ్డు గిన్నెలా ఉంటుంది. ఆ గిన్నె అంచుల్లోనే పోర్టు, నూనెశుద్ధి కర్మాగారం, ఎరువుల కర్మాగారం, కాస్త దూరంలో ఉక్కు కర్మాగారం వెలిశాయి. చలికాలం రాత్రుల్లో నేల దగ్గరి చల్లని గాలిపై వెచ్చని గాలి పొర కప్పినట్లు నిలిచిపోతే, కింద వెలువడిన పొగ, ధూళి పైకి పోయే దారి ఉండదు. పోర్టులో దించే బొగ్గు, ఖనిజాల దుమ్ము వన్‌టౌన్ ఇళ్ల గుమ్మాల మీద నల్లగా పేరుకోవడం దశాబ్దాలుగా ఆ ప్రాంతవాసులకు తెలిసిన విషయమే. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం కింద, ప్రమాణాలు అందుకోలేకపోతున్న నగరాల జాబితాలో విశాఖ కూడా ఉంది.

దీనికి తోడు తుపానులు, వడగాడ్పులు, పారిశ్రామిక ప్రమాదాలు ఉన్నాయి. మన్యం నుంచి వచ్చే మలేరియా, శ్రీకాకుళం జిల్లా ఉద్దానం నుంచి వచ్చే కిడ్నీ రోగులు వీటికి అదనం. 1923లో మొదలైన ఆంధ్ర వైద్య కళాశాలకు అనుబంధమైన కింగ్ జార్జ్ ఆస్పత్రికి, అంటే కేజీహెచ్‌కు ఉత్తరాంధ్ర అంతటి నుంచీ, ఒడిశా సరిహద్దు గ్రామాల నుంచీ రోగులు వస్తారు. పర్యావరణ ఆరోగ్యం నేర్చుకోవడానికి ఈ ఊరి విద్యార్థి వేరే దేశపు ఉదాహరణలు వెతుక్కోనవసరం లేదు.

గాలి నాణ్యత సూచీ చూడటం విద్యార్థికి ఎలా నేర్పాలి?

సంఖ్య కన్నా ముందు ప్రమాణం నేర్పాలి. గాలిలోని అతి సన్నని ధూళి కణాల (పీఎం 2.5) వార్షిక సగటు ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాములు దాటకూడదని మన జాతీయ ప్రమాణం చెబుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సవరించిన మార్గదర్శకం 5 మైక్రోగ్రాములే. అంటే మన ప్రమాణానికి లోబడి ఉన్న గాలి కూడా హాని చేయని గాలి కాదు. సూచీ సంతృప్తికరం అని చూపిన రోజున ఉబ్బసం రోగికి ఆయాసం వస్తే అది మనసు భ్రమ అనుకోకూడదు. జీవీఎంసీ (నగరపాలక సంస్థ) ప్రాంగణంలో ఉన్న పర్యవేక్షణ కేంద్రం చూపే అంకె మల్కాపురంలోనో, జ్ఞానాపురంలోనో రోగి పీల్చే గాలికి సరిగ్గా సరిపోకపోవచ్చునని కూడా విద్యార్థికి చెప్పి తీరాలి.

కేస్ షీట్‌లో పర్యావరణ చరిత్ర అంటే ఏమి రాయాలి?

రోగిని మీ వృత్తి ఏమిటని కూడా అడగాలని ఇటలీ వైద్యుడు రామజ్జీని మూడు వందల ఏళ్ల కిందటే చెప్పాడు. మన కేస్ షీట్‌లో వృత్తి అన్న గడి ఉంటుంది గానీ అందులో కూలీ అని రాసి వదిలేస్తారు. ఏ కూలీ? పోర్టులో బొగ్గు ఎత్తే కూలీయా, రాళ్లు కొట్టే క్రషర్ దగ్గర కూలీయా, పెయింటింగ్ పనికి వెళ్లే కూలీయా? ఈ మూడింటికి వచ్చే ఊపిరితిత్తుల జబ్బులు మూడు రకాలు.

విద్యార్థులకు మేము నేర్పే ప్రశ్నలు చాలా మామూలువి. ఏ పేటలో ఉంటున్నారమ్మా, అక్కడ ఎన్నేళ్లుగా ఉన్నారు? వంట గ్యాసు మీదా, కట్టెల పొయ్యి మీదా? సిలిండరు ఉన్నా నీళ్లు కాచుకోవడానికి కట్టెలే వాడుతున్నారా? తాగే నీళ్లు కుళాయివా, బోరువా, ట్యాంకరువా? ఇంటి పైకప్పు రేకులా, స్లాబా? పనిలో ఎండలో ఎంతసేపు ఉంటారు, మధ్యలో నీళ్లు తాగనిస్తారా, మూత్రానికి వెళ్లే వీలుందా? సెలవు పెట్టి ఊరికి వెళ్లినప్పుడు ఆయాసం తగ్గుతుందా? మీ వీధిలో ఇంకెవరికైనా ఇదే బాధ ఉందా? ఈ చివరి రెండు ప్రశ్నలు స్కాన్ కంటే ముందే రోగ నిర్ధారణకు దారి చూపిన సందర్భాలు ప్రతి సీనియర్ వైద్యునికీ తెలుసు. మూత్రానికి వెళ్లే చోటు లేక పగలంతా నీళ్లు తాగకుండా ఉండే మహిళా కూలీల సంగతి మాత్రం అడిగితే తప్ప వారంతట వారు చెప్పరు.

వడదెబ్బ అందరికీ తెలిసిందే కదా, దానికి వేరే శిక్షణ ఎందుకు?

పేరు అందరికీ తెలుసు. చికిత్స తెలిసినవారు తక్కువ. శరీరం లోపలి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటి, తికమక, మూర్ఛ, స్పృహ కోల్పోవడం వంటి మెదడు లక్షణాలు కనిపిస్తే అది వడదెబ్బ. చంకలో పెట్టిన థర్మామీటరు లోపలి వేడిని తక్కువ చేసి చూపుతుంది కాబట్టి మలద్వారం ద్వారా కొలవాలి. చెమట పడుతున్నది కాబట్టి వడదెబ్బ కాదని అనుకోవడం పొరపాటు. ఎండలో పనిచేస్తూ కూలిన యువకుడికి ఒళ్లంతా చెమటలు పట్టి ఉండవచ్చు. పారాసిటమాల్ ఇక్కడ పనిచేయదు. ఎందుకంటే ఇది మెదడులోని ఉష్ణ నియంత్రణ కేంద్రం పెంచిన జ్వరం కాదు. చేయవలసిందల్లా తక్షణం చల్లబరచడం. యువకుడైతే చన్నీళ్ల తొట్టిలో ముంచాలి, వృద్ధుడైతే ఒంటిని తడిపి ఫ్యాన్ గాలి తగిలించాలి. మొదటి అరగంటలో ఉష్ణోగ్రతను 39 డిగ్రీల దరిదాపులకు తేగలిగితే ప్రాణం దక్కే అవకాశం ఎంతో పెరుగుతుంది. రక్త పరీక్షల ఫలితాల కోసం ఆ అరగంటను పోగొట్టుకోకూడదు.

తీరప్రాంతపు వేడికి ప్రత్యేకత ఉంది. మైదానంలో 40 డిగ్రీలు దాటితే గానీ వడగాడ్పుగా లెక్కించని వాతావరణ శాఖ, తీరంలో 37 డిగ్రీలు దాటి, సాధారణం కంటే 4.5 డిగ్రీలు ఎక్కువ ఉంటే వడగాడ్పుగా పరిగణిస్తుంది. సముద్రపు గాలి ఆలస్యంగా వీచి, పడమటి గాలి ఊరి మీదికి వచ్చిన రోజున విశాఖ ఒక్కసారిగా ఉడికిపోతుంది. అలాంటి రోజుల్లో హౌస్ సర్జన్లు క్యాజువాలిటీలో ఐసు, చన్నీళ్లు, తొట్టి, ఫ్యాను ముందే సిద్ధం చేసుకోవాలి. ఒక పూట డ్రిల్లు చేయిస్తే జీవితాంతం గుర్తుంటుంది.

2020 స్టైరీన్ లీకును పాఠంగా ఎలా చెప్పాలి?

తప్పక చెప్పాలి. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్‌జీ పాలిమర్స్ నుంచి ప్లాస్టిక్ తయారీకి వాడే స్టైరీన్ అనే రసాయనపు ఆవిరి వెలువడి 12 మంది మరణించారు, వందలాది మంది ఆస్పత్రుల పాలయ్యారు. ఇది రసాయన శాస్త్రంతో మొదలయ్యే పాఠం. స్టైరీన్‌ను చల్లగా, సుమారు 20 డిగ్రీల లోపు ఉంచాలి. అది తనంతట తాను గడ్డకట్టే చర్యలోకి వెళ్లకుండా నిరోధక రసాయనం కలపాలి. వేడి పెరిగి నిరోధకం తగ్గితే చర్య మొదలై మరింత వేడిని పుట్టిస్తుంది. లాక్‌డౌన్‌లో నిలిచిపోయిన ట్యాంకులో జరిగింది ఇదే. ఆ ఆవిరి గాలి కంటే బరువైనది కాబట్టి నేల మీదుగా పాకి నిద్రిస్తున్న వారిని చేరింది.

ఆ తర్వాత వైద్య పాఠం. స్టైరీన్‌కు విరుగుడు మందు లేదు. రోగిని ఆ గాలి నుంచి దూరంగా తీసుకుపోవడం, తడిసిన బట్టలు విప్పి ఒళ్లు కడగడం, ఆక్సిజన్ ఇవ్వడం, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతున్నదేమో గమనించడం, ఇంతే చికిత్స. శరీరంలోకి ఎంత వెళ్లిందో మూత్రంలో మాండలిక్ ఆమ్లం, ఫినైల్‌గ్లయాక్సిలిక్ ఆమ్లం కొలిచి తెలుసుకోవచ్చు. కానీ అవి ఒకటి రెండు రోజుల్లోనే తగ్గిపోతాయి కాబట్టి నమూనా మొదటి రోజే తీసి భద్రపరచాలి. రద్దీలో ఈ చిన్న పని మరిచిపోతే, ఏళ్ల తర్వాత ఎవరికి ఎంత హాని జరిగిందో చెప్పడానికి ఆధారమే మిగలదు. 1997 సెప్టెంబరు 14న హెచ్‌పీసీఎల్ నూనెశుద్ధి కర్మాగారం ఆవరణలో జరిగిన పేలుడులో సుమారు 60 మంది మరణించారన్నది కూడా ఈ ఊరి విద్యార్థికి తెలిసి ఉండాలి. తన కళాశాలకు కొద్ది కిలోమీటర్ల లోపు ఏ కర్మాగారంలో ఏ రసాయనం నిల్వ ఉందో, దానికి చికిత్స ఏమిటో ఒక పట్టికగా రాసుకోవడం ప్రతి బ్యాచ్‌కూ ఇవ్వదగిన ప్రాజెక్టు.

కారణం ఇంకా తేలని జబ్బుల గురించి చెబితే విద్యార్థులు అయోమయంలో పడరా?

పడాలి. ఆ అయోమయంలోంచే శాస్త్రం మొదలవుతుంది. శ్రీకాకుళం జిల్లాలో కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాలు కలిసిన ఉద్దానంలో కొబ్బరి, జీడితోటల మధ్య బతికే వారిని దశాబ్దాలుగా కిడ్నీ జబ్బు పీడిస్తున్నది. మధుమేహం, రక్తపోటు లేనివారికీ వస్తున్నది. భూగర్భ జలంలోని సిలికా, భార లోహాలు, పురుగుమందులు, నొప్పి మాత్రలు, జన్యు కారణాలు, ఎండలో నీళ్లు లేకుండా చేసే పని అంటూ ఎన్నో అనుమానాలు వచ్చాయి గానీ ఒకే కారణం అని ఇప్పటికీ నిర్ధారణ కాలేదు. శ్రీలంకలోనూ, మధ్య అమెరికాలో చెరకు కోసే కూలీల్లోనూ ఇలాంటి జబ్బే కనిపించింది. మధ్య అమెరికాలో నీళ్లు, నీడ, విశ్రాంతి అనే మూడింటిని పని వేళల్లో భాగం చేసి కూలీల కిడ్నీలను కాపాడే ప్రయత్నం జరుగుతున్నది. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆస్పత్రి ప్రారంభమయ్యాయి. అంతకుముందు ఎన్నో కుటుంబాలు డయాలసిస్ కోసం విశాఖ దాకా ప్రయాణించాయి. సహసంబంధానికీ కారణానికీ తేడా నేర్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ మనకు లేదు. కారణం తేలేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కరలేదని, సురక్షితమైన నీళ్లు, అనవసరపు నొప్పి మాత్రల మానివేత వంటి పనులు ఇప్పుడే చేయవచ్చని కూడా ఇక్కడే నేర్పాలి.

మన్యం జ్వరాలకు వాతావరణ మార్పుతో సంబంధం ఉందా?

ఉండే అవకాశం ఉంది. దాన్ని జాగ్రత్తగా చెప్పాలి. దోమ కడుపులో మలేరియా కలిగించే ఫాల్సిపారం రకం పరాన్నజీవి ఎదగాలంటే సుమారు 18 డిగ్రీలు, వైవాక్స్‌కు సుమారు 16 డిగ్రీలు కావాలి. లంబసింగి వంటి చలి ప్రాంతాల్లో శీతకాలపు రాత్రులు వేడెక్కితే మలేరియా వ్యాపించే నెలలు పెరగవచ్చు. కానీ మలేరియా పెరగడం తగ్గడం ఒక్క ఉష్ణోగ్రత మీద ఆధారపడదు. దోమతెరలు, పిచికారీ, ఆశా కార్యకర్త దగ్గర పరీక్ష కిట్టు, పాడేరు దాకా రోడ్డు ఉందా లేదా అన్నవి కూడా అంతే ముఖ్యం. ప్రతి జ్వరాన్నీ వాతావరణ మార్పు ఖాతాలో రాసేయడం విద్యార్థికి తప్పు నేర్పడమే.

తుపాను పాఠంలో వైద్యానికి సంబంధించింది ఏముంది?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ నేరుగా విశాఖ దగ్గరే తీరం దాటి, రోజుల తరబడి కరెంటు, నీళ్లు, ఫోన్లు లేకుండా చేసింది. అలాంటి రోజున డయాలసిస్ రోగుల పరిస్థితి ఏమిటి, టీకాలను చల్లగా ఉంచే శీతల గొలుసు ఎంతసేపు నిలుస్తుంది, ఇంట్లో ఆక్సిజన్ కాన్‌సన్‌ట్రేటర్ మీద ఉన్న వృద్ధుణ్ని ఎవరు చూస్తారు, జనరేటరు నేల అంతస్తులో ఉంటే నీట మునగదా అన్న ప్రశ్నలు విద్యార్థులు తమ ఆస్పత్రికే వేసుకోవాలి. ఇదే నగరంలో వాతావరణ శాఖవారి తుపాను హెచ్చరికల కేంద్రం, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో వాతావరణ, సముద్ర శాస్త్ర విభాగం ఉన్నాయి. ఒక పూట అక్కడికి తీసుకువెళితే హెచ్చరిక రంగుల అర్థం విద్యార్థికి తెలుస్తుంది.

ఆస్పత్రులే కాలుష్యం చేస్తున్నాయి కదా?

నిజమే. ప్రపంచపు గ్రీన్‌హౌస్ వాయువుల్లో వైద్యరంగం వాటా 4.4 శాతమని 2019లో ఒక అంచనా వెలువడింది. మత్తుమందు విభాగం దీనికి మంచి తరగతి గది. డెస్‌ఫ్లూరేన్ అనే మత్తు వాయువు నూరేళ్ల లెక్కలో కార్బన్ డయాక్సైడ్ కంటే 2500 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. మరో మత్తు వాయువు సెవోఫ్లూరేన్‌తో అదే పని జరిగే చోట డెస్‌ఫ్లూరేన్ వాడనవసరం లేదు. స్కాట్లాండ్ 2023లోనే దాని వాడకాన్ని ఆపేసింది. స్ప్రేలోని వాయువు కూడా భూమిని వేడెక్కిస్తుంది కాబట్టి ఉబ్బసానికి పొడి మందు పీల్చే పరికరం స్ప్రే కంటే మేలే గానీ, గట్టిగా పీల్చలేని పసిబిడ్డకు స్ప్రేనే ఇవ్వాలి. రోగి క్షేమం ముందు, మిగతా లెక్కలు ఆ తర్వాత. వ్యర్థాల విషయంలో 2016 నియమాల ప్రకారం పసుపు, ఎరుపు, తెలుపు, నీలం డబ్బాల్లో సరిగా వేరు చేయడం హౌస్ సర్జన్ చేతిలోని పని. పసుపు సంచిలో ప్లాస్టిక్ వేస్తే అది కాలి, ఆ పొగ ఏదో ఒక పేటవారే పీలుస్తారు.

పరీక్షలో రాకపోతే విద్యార్థులు పట్టించుకుంటారా?

పట్టించుకోరు, అందుకు వారిని నిందించి లాభం లేదు. కాబట్టి పరీక్షలో రావాలి. మౌఖిక పరీక్షలో (వైవాలో) రోగి పేట, వంట ఇంధనం, నీటి వనరు అడిగిన విద్యార్థికి మార్కులివ్వాలి. ఒక రోగిని పూర్తిగా పరీక్షించి వివరించే లాంగ్ కేసులో పర్యావరణ చరిత్ర లేకుంటే మార్కులు తగ్గించాలి. కుటుంబ దత్తత కార్యక్రమంలో ఇప్పటికే ఇళ్లకు వెళుతున్న విద్యార్థి ఆ ఇంటి పైకప్పు కింద మే నెల మధ్యాహ్నం ఉష్ణోగ్రత ఎంతో కొలిచి లాగ్‌బుక్‌లో రాస్తే, అది ఏ ఉపన్యాసం కంటే బాగా నేర్పుతుంది.

కాలుష్యం గురించి డాక్టరు బహిరంగంగా మాట్లాడటం రాజకీయం కాదా?

తాను చూసిన రోగుల గురించి, తెలిసిన శాస్త్రం మేరకు, రోగి పేరు బయటపెట్టకుండా మాట్లాడటం రాజకీయం కాదు, వృత్తి ధర్మం. ఏ కర్మాగారం దోషి అన్నది తేల్చడం డాక్టరు పని కాదు. ఫలానా పేట నుంచి ఫలానా జబ్బుతో వచ్చేవారు పెరిగారని జిల్లా వైద్యాధికారికి రాతపూర్వకంగా తెలియజేయడం మాత్రం డాక్టరు పనే. ఆ లేఖ ఎలా రాయాలో కూడా కళాశాలలోనే నేర్పాలి.

హౌస్ సర్జన్‌గా నేను రేపటి నుంచే చేయగలిగింది ఏమైనా ఉందా?

మరణ ధ్రువీకరణను సరిగ్గా రాయండి. ఎండలో పడిపోయి వచ్చి మరణించిన వ్యక్తికి ఫారం 4లో కారణం గడిలో గుండె, ఊపిరి ఆగిపోవడం అని రాయడం మనకు అలవాటు. అది మరణం జరిగిన తీరు మాత్రమే, కారణం కాదు. తెచ్చినప్పుడు నమోదైన లోపలి ఉష్ణోగ్రత, కొలిచిన సమయం, ఎక్కడ పడిపోయారు, ఏ పని చేస్తూ పడిపోయారు, అప్పటికే ఉన్న జబ్బులేమిటి అన్నవి కేస్ షీట్‌లో ఉంటే, తక్షణ కారణంగా వడదెబ్బనూ, దానికి దారితీసిన పరిస్థితిగా అధిక ఉష్ణానికి గురికావడాన్నీ రాయవచ్చు. వ్యాధుల అంతర్జాతీయ వర్గీకరణ పదో సవరణలో వీటికి టీ 67, ఎక్స్ 30 అనే సంకేతాలున్నాయి. ఇలా రాసిన కాగితాల నుంచే జిల్లాలో వేడికి ఎందరు మరణించారన్న లెక్క వస్తుంది. మంచినీటి కేంద్రాలు ఎక్కడ పెట్టాలి, కూలీల పనివేళలు ఏ వారం నుంచి మార్చాలి అన్న నిర్ణయాలు ఆ లెక్కను బట్టే జరుగుతాయి. ఆ కుటుంబానికి ప్రభుత్వ సాయం కోరే సందర్భం వస్తే అధికారులు మొదట అడిగేది కూడా ఆ కాగితాన్నే.